రెండు కొండల మధ్య ఒక పిలక

మా ఆవిడకు జారడం వచ్చు. నాకు జారుకోవడం వచ్చు. పెళ్ళయిన ఏడేళ్ళలో మా ఇంట్లో జరిగిన గొడవల్లో చాలావాటికి ఈ రెండు వాక్యాలే సంజాయిషీ. కిందటి చలికాలం జరిగిన గొడవకు మాత్రం ఇవి చాలవు. దానికి మా అత్తగారు కూడా కావాలి, మావాడి జుట్టు కూడా కావాలి.

మా ఆవిడ సస్కటూన్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు స్కీయింగ్ నేర్చుకుంది. ఆ ఊరు చపాతీ పీటలా చదునుగా ఉంటుంది. అలాంటి చోట కొండను వెతుక్కుంటూ వెళ్ళి మరీ జారడం నేర్చుకున్న మనిషితో పెట్టుకోకూడదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. నేను హైదరాబాదు నుంచి డాలస్ మీదుగా ఇక్కడికి వచ్చినవాణ్ణి. మంచు ఫ్రిజ్ పై అరలో ఉండాలి, మనుషులు ఫ్రిజ్ బయట ఉండాలి అన్నది నా సిద్ధాంతం.

మావాడు కడుపులో పడ్డప్పటి నుంచి ఆమె కొండ ఎక్కలేదు. మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ గరాజ్‌లో, టైర్ల వెనక, ఆమె స్కీలు మూడు చలికాలాలుగా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి, బడిలో గోడకుర్చీ వేయించిన పిల్లల్లా. నవంబరులో ఒక ఆదివారం ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి నా ఉప్మా ప్లేటు పక్కన పెట్టింది.

"ఫిబ్రవరిలో మంగళ, బుధ, గురు. జనం తక్కువ ఉంటారు. ఆ స్కీ కొండ ఇక్కణ్ణుంచి రెండున్నర గంటల డ్రైవ్. రూమ్ బుక్ చేశా."

"ఒకసారి ఆలోచించుకుని..."

"ఆలోచించేశా. పొద్దున రెండు గంటలు వాణ్ణి అక్కడి డేకేర్‌లో పెడదాం. పద్దెనిమిది నెలలు దాటితే తీసుకుంటారు. నువ్వు రూమ్‌లో కూర్చుని ఆఫీసు పని చేసుకో. నీ లీవులు ముట్టుకోను. నాకు ఆ రెండు గంటలు కావాలి. మూడు రోజులు, రోజుకు రెండు గంటలు. అప్పుడు నన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలవకూడదు."

ఆఖరి మాట నా వైపు చూడకుండా అంది. చూస్తూ అని ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

ఈ ప్లాన్‌లో మా అత్తగారు లేరు. అది ప్లాన్‌లో లోపం కాదు. అసలు ప్లానే అది.

అత్తగారు పురిటికని, ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద వచ్చి, ఉండిపోయారు. ఆవిడకూ నాకూ మధ్య మాటలు లేవు. కొట్లాడుకుని మానేసిన మాటలు కావవి. ఆవిడది పాత పద్ధతి, అల్లుడితో ఎదురుగా మాట్లాడరు. చెప్పదలచుకున్నదంతా మావాడికి చెబుతారు, నేను పక్కనే ఉన్నప్పుడు చూసి.

"ఒరే కన్నా, మీ నాన్నగారి కాఫీ చల్లారిపోతోందని చెప్పరా. తాగనంటే చెప్పమను, సింకులో పోస్తాను. ఆ సింకు ఇప్పటికే సగం కాఫీకి అలవాటు పడింది."

మావాడికి అప్పుడు రెండేళ్ళ మూడు నెలలు. డేకేర్ పుణ్యమా అని వాడికి వచ్చిన జవాబు ఒక్కటే. "నో."

"చూశావుటే," అనేవారు అత్తగారు కూతురితో, "అచ్చం తండ్రి."

కొండ దగ్గరి డేకేర్ వాళ్ళు ఫారం పంపారు. పిల్లలందరినీ ఒక గంట మంచులో ఆడిస్తామనీ, ప్రతి ఒక్కరికీ తలకు సరిగ్గా సరిపోయే హెల్మెట్ ఉండి తీరాలనీ రాశారు. ఒక శనివారం ముగ్గురం హెల్మెట్ కొనడానికి వెళ్ళాం. నిజానికి నలుగురం. మావాడి పిలకను కూడా మనిషి కింద లెక్కేయాలి.

పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగని జుట్టది. ఒత్తుగా, ఉంగరాలు ఉంగరాలుగా భుజాల దాకా ఉంటుంది. అత్తగారు రోజూ పొద్దున్నే ఆముదం కలిపిన కొబ్బరినూనె రాసి, సరిగ్గా నడినెత్తిన పిలక వేస్తారు. దుకాణంలో చిన్న సైజు హెల్మెట్ పిలక దగ్గర ఆగిపోయింది. పెద్ద సైజు ముక్కు దాకా దిగిపోయింది. పిలక విప్పి చూస్తే జుట్టంతా చుట్టూ చేరి హెల్మెట్‌ను పొంగే గిన్నె మీది మూతలా పైకి లేపింది. అక్కడి అమ్మాయి రెండు వేళ్ళు దూర్చి చూసి, నూనె అంటిన వేళ్ళను మర్యాదగా వెనక దాచుకుని, జుట్టు కాస్త ట్రిమ్ చేయిస్తే చిన్నది చక్కగా పడుతుందని చెప్పింది.

కారులో మా ఆవిడ అంది, "రోడ్డవతలే సెలూన్ ఉంది. పది నిమిషాల పని."

"మీ అమ్మ..." అన్నాను.

నాకు అంతకంటే ఎక్కువ అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. రెండేళ్ళుగా ఆ రెండు ముక్కలే నా గొడుగు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తున్నారు. మా ఆవిడ కోటు కూడా విప్పలేదు.

"అమ్మా, వాడి జుట్టు తీయించేస్తున్నా."

"పుట్టువెంట్రుకలు సెలూన్‌లో తీయిస్తారటే ఎవరైనా? మే నెలలో స్వామి కొండకు వెళ్తున్నాంగా. ముందు ఆ కొండ, తర్వాత ఈ కొండ."

"మే నెలలో మంచుంటుందా?"

"లేకపోతే దేవుడు వద్దన్నట్టు."

"నీ మొక్కు కోసం నా చలికాలం తాకట్టు పెట్టాలా? ఎవరు మొక్కుకోమన్నారు నిన్ను? నన్నడిగావా? నా కొడుకు తల మీద నీ పెత్తనమేంటి?"

అత్తగారి చేతిలో గోరుచిక్కుడు ఆగింది. "నా మొక్కా?" అన్నారు మెల్లగా. అని, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి నా మొహంలోకి నేరుగా చూశారు. నేను డిష్‌వాషర్ తెరిచి అందులో ఏదో పరిశోధన మొదలుపెట్టాను.

"అవునే, నా మొక్కే," అన్నారు ఆవిడ, గోరుచిక్కుణ్ణి టప్పున తుంచి.

ఆ మొక్కు ఆవిడది కాదు. నాది.

మావాడు ఆరు వారాలు ముందే పుట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం, ఆసుపత్రిలో ఆ గాజుపెట్టె ముందు నిలబడి, చేతిలో వాడికి సరిపోనంత పెద్ద టోపీ పట్టుకుని, పైకే అన్నాను: "స్వామీ, వీణ్ణి బతికించు. వీడి జుట్టు నీ కొండకే. అప్పటిదాకా కత్తెర తగలనివ్వను." నా జుట్టే ఇస్తానందును గానీ, అప్పటికే అది ఇచ్చి పుచ్చుకునే స్థాయిలో లేదు. నేను నాస్తికుణ్ణి. ఆ మధ్యాహ్నం ఒక పూట సెలవు పెట్టాను, అంతే. వెనక కుర్చీలో అత్తగారు కునుకు తీస్తున్నారనుకున్నాను. తీయడం లేదు.

మొదటి పుట్టినరోజుకు మా ఆవిడ, వీడి జుట్టు ఎందుకు తీయించడం లేదని అడిగింది. విందుల్లో మొక్కుల మీద నేను చేసిన వెక్కిరింతలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మీ అమ్మకు ఇష్టం లేదు," అనేశాను. అత్తగారు అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. విని కూడా ఖండించలేదు. అది క్షమించడం కాదని, దాచి ఉంచుకోవడమని నాకు తర్వాత అర్థమైంది.

ఆ వారమంతా ఇంట్లో యుద్ధం. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. దాంతో మావాడికి పోస్టుమన్ పని రెట్టింపయింది. మా ఆవిడ నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టింది. అంటే ఇంట్లో ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగిందన్నమాట. నేను నా వంతుగా ఇంజనీరింగ్ చేశాను. జుట్టును రెండు పాయలు చేసి, మెడ దగ్గర కిందికి రెండు జడలు వేస్తే హెల్మెట్ పడుతుందేమోనని వీడియోలు చూసి నేర్చుకున్నాను. పొద్దున నేను జడలు వేసి స్నానానికి వెళ్ళేవాణ్ణి. బయటికొచ్చేసరికి నడినెత్తిన పిలక. మర్నాడు ఇంకో అరంగుళం పైకి. శుక్రవారానికి అది గుడి ధ్వజస్తంభంలా తయారైంది.

"ఒరే కన్నా, మీ నాన్నగారికి చెప్పు, మగపిల్లాడికి రెండు జడలు వేసి ఎవరిని ఉద్ధరిస్తారని."

"నో."

డేకేర్‌కు నేను ఈమెయిల్ రాశాను. మతపరమైన కారణాల వల్ల మా అబ్బాయి హెల్మెట్ కాస్త వదులుగా ఉంటుందని, అనుమతించగలరని. అలా రాస్తున్నప్పుడు నాకే సిగ్గేసింది. నాస్తికత్వానికి ఒక్క పూటకని పెట్టిన సెలవును ఇలా పొడిగించుకుంటున్నాను. వాళ్ళు మర్యాదగా కుదరదన్నారు. సోమవారంలోగా చెప్పకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మావాడు నిద్రపోయాక మా ఆవిడ కనబడలేదు. గరాజ్‌లో లైటు వెలుగుతోంది. వెళ్ళి చూస్తే, స్కీలను టైర్ల వెనక నుంచి బయటికి తీసి, పాత టీషర్టు ముక్కతో తుడిచి, నేల మీద పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది.

"ఎవరికి పంపుతున్నావ్?"

"కొనేవాళ్ళకి. అమ్మకానికి పెట్టేశా. ఆ డేకేర్ వాళ్ళకు మీరే క్యాన్సిల్ చెప్పేయండి. ఈమెయిళ్ళు బాగా రాస్తారుగా."

"అంత తొందరేముంది..."

"మూడేళ్ళు ఆగా. తొందరంటారా దీన్ని?"

ఆమె ఏడుస్తుంటే నేను ఎప్పటిలా జారుకునేవాణ్ణే. కానీ ఏడవడం లేదు. ఒక స్కీ అంచు మీద ఉన్న గీతను ఫొటోలో కనబడేలా జాగ్రత్తగా తిప్పుతోంది, కొనేవాళ్ళు తర్వాత మోసమనకుండా. నా కాళ్ళకు హవాయి చెప్పులే ఉన్నాయి. సిమెంటు నేల చలి ఎముకల దాకా ఎక్కింది.

"మొక్కు మీ అమ్మది కాదు," అన్నాను. "నాది."

ఆమె నవ్వింది. "మీదా? పార్టీలో ఆ గుండు అంకుల్‌ని కూర్చోబెట్టి, దేవుడికి జుట్టెందుకండీ అని అరగంట క్లాసు పీకిన మీదా?"

గాజుపెట్టె సంగతి, టోపీ సంగతి చెప్పాను. వినేకొద్దీ ఆమె మొహం మెత్తబడుతుందని ఆశపడ్డాను. మెత్తబడలేదు.

"వాడు ఆ పెట్టెలో ఉన్నప్పుడు నేను పై అంతస్తులో కుట్లతో ఒక్కదాన్నే పడున్నా. నువ్వు నవ్వుతూ వచ్చి, అంతా కంట్రోల్‌లో ఉందన్నావు. డాక్టర్లతో క్రికెట్ మాట్లాడావు. ఇంత భయం నాకొక్కదానికేనా, నేనేమన్నా తేడానా అనుకున్నా. నువ్వు కింద నిలబడి మొక్కుకుంటున్నావా? ఆ మాట నాకు చెప్పడానికి రెండేళ్ళు పట్టిందా? అదీ నా స్కీలు అమ్మకానికి పెడితే గానీ నోరు పెగల్లేదా?"

 

వంటింట్లోంచి గరాజ్‌లోకి తెరుచుకునే తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు, నిద్రలేచిన మావాణ్ణి చంకనేసుకుని. మా ఆవిడ అటు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చుగా అమ్మా? ఏడాదికి పైగా నిన్ను ఎన్ని మాటలన్నా!"

"అల్లుడి పరువు అత్త తీస్తుందటే? ఎప్పటికైనా ఆయనే తీసుకుంటాడులే అని చూస్తున్నా."

అని, మావాడి వైపు చూడకుండా, నన్నే చూస్తూ అన్నారు: "అల్లుడుగారూ, సెలవు పెట్టండి."

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

"అవి మే నెల ప్రయాణానికని దాచినవండీ..."

"మొక్కు మీది. పిల్లాడు మీవాడు. సెలవు మాత్రం ఎవరిది?"

డేకేర్ అక్కర్లేకపోతే హెల్మెట్ అక్కర్లేదు. ఇంత చిన్న లెక్క ముగ్గురిలో ఎవరికీ తట్టకపోవడానికి కారణం, ఆ లెక్కలో నేను ఎప్పుడూ లేకపోవడమే.

"నేనూ వస్తా," అన్నారు అత్తగారు. "ఈయన ఒక్కడికీ పిల్లాణ్ణి అప్పజెప్తే ఆ జుట్టు కొండ దాకా రాదు."

"అమ్మా, నీ నుంచి కూడా దూరంగా ఉందామనే ఈ ట్రిప్ వేసుకున్నా."

"తెలుసులేవే. నువ్వు కొండ మీద ఉంటావు, నేను కింద ఉంటా. ఈ ఇంట్లో అంత దూరం ఎక్కడుంది?"

మర్నాడు డేకేర్ క్యాన్సిల్ చేసి, రూమ్ బుకింగ్‌లో ఇంకో పెద్ద మనిషిని చేర్చాను. నా లీవుల్లోంచి మూడు రోజులు పోయాయి. మే నెల ప్రయాణంలో ఆ మూడు రోజులు మా వైపు చుట్టాల ఊళ్ళో గడపాల్సినవాటిలోంచి తగ్గాయి. ఆ కోత ఎక్కడ పడాలో నన్నెవరూ అడగలేదు.

బయల్దేరే రోజు పొద్దున కారులో కూర్చున్నాక మా ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో స్కీలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. అప్పుడవి మా కారు పైనే ఉన్నాయి. ఆమె జవాబు టైప్ చేసి, పంపేముందు నాకు చూపించింది. శుక్రవారం చెప్తాను, అని ఉంది.

"ఆ ప్రకటన ఇంకా తీసేయలేదా?"

"మూడు పొద్దులు మీరిద్దరూ నాకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా వాణ్ణి చూసుకోండి. అప్పుడు తీసేస్తా."

వెనక సీట్లో అత్తగారు మావాడి పిలక మీద ఉన్ని టోపీ పెట్టి సర్దుతున్నారు. ఉన్ని సాగుతుంది. అందులో పిలక హాయిగా పట్టింది.

"ఒరే కన్నా, డైపర్ల సంచి గుమ్మంలోనే ఉండిపోయిందని మీ నాన్నగారికి చెప్పరా. మొదటి పొద్దు ఇంకా మొదలవనేలేదు."

"నో," అన్నాడు మావాడు.

మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది. నేను కారు దిగి, డ్రైవ్‌వే మీద గడ్డకట్టిన మంచులో, జారకుండా, జారుకోకుండా, గుమ్మం దాకా నడిచాను.