వెళ్లడానికి రష్యన్‌లో రెండు మాటలు

కొత్తకోటలో పంక్చర్ షాపు మీది గదే నా బడి. రష్యాలో ఆరేళ్లు డాక్టరు చదువు చదివి వచ్చాను. ఇక్కడి పరీక్ష మూడుసార్లు రాసినా గట్టెక్కలేదు. మిగిలింది భాష ఒక్కటే. బిల్డింగుల పనికి అక్కడికి వెళ్లే మన పాలమూరు వాళ్లకు అది నేర్పి బతుకుతున్నాను. అప్పుడప్పుడు ఏడుపొస్తుంది, దాచడమెందుకు.

ఆ భాషలో నడిచి వెళ్లడానికి రెండు క్రియలు. ఇప్పుడు ఒకవైపు పోతుంటే ‘ఇదూ’. రోజూ పోయివస్తుంటే ‘హజూ’. బండెక్కితే మళ్లీ వేరే రెండు. మొదటి ఏడాది నాకే తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే కిటికీలోంచి చూపించి చెప్తాను: రోడ్డు దాటి దాబాకు పోతున్న లారీ డ్రైవరు మొదటిది, రోజూ అదే దాబాకు పోయివచ్చే మెకానిక్ రెండోది. అందరికీ ఎక్కుతుంది.

కోడేరు నుంచి వచ్చిన ఒక మేస్త్రికి తప్ప. నలభై ఏళ్ల మనిషి. ఎక్కడికి వెళ్తున్నావని అడిగిన ప్రతిసారీ ‘హజూ’ అనేవాడు. ఒకరోజు ఒంటికాలి మీద లేచాను.

“ఎన్నిసార్లు చెప్పాలె? చెవుల దూది పెట్టుకున్నవా?”

“సమజైంది సార్. గానీ పయనమైనోడు పోతున్న అనొద్దు. పోయొస్త అనాలె. నోట్లకెల్లి వస్తలేదు.”

“ఇంటర్వ్యూల గిట్లనే అను, ఈడనే ఉంటవ్!”

అందరి ముందు ‘ఇదూ’ అని ఇరవై సార్లు అనిపించాను. తల వంచుకుని అన్నాడు. పాసయ్యాడు, వెళ్లాడు. నా పాఠం నెగ్గిందని మురిసిపోయాను కూడా, ఛీ.

నాలుగు నెలలు వారం వారం ఇంటికి ఫోన్ చేశాడట. తర్వాత మూడు వారాలుగా స్విచాఫ్. పంపించిన ఏజెంటు ఫోనే ఎత్తడం లేదు. మొన్న అతని భార్య రెండు బస్సులు మారి నా గదికి వచ్చింది. చేతిలో అక్కడి హాస్టల్ నంబరు రాసిన కాగితం.

“మస్తు పరేషాన్ ఉన్న సార్. ఆళ్ల మాట నాకు తెల్వదు. జర మీరు అడుగుండ్రి.”

ఫోన్ చేశాను. హాస్టల్ చూసుకునే మనిషి ఎత్తాడు. మేస్త్రి పేరు చెప్పగానే “ఉషోల్” అన్నాడు. నడిచి వెళ్లిపోయాడని. ఎక్కడికని అడిగితే తెలియదన్నాడు. మూడు వారాలైందట.

“బయటికి పోయిండంటమ్మా. యాడికో తెల్వదంటున్నడు.”

ఆమె ఏడవలేదు. “సామాను ఉందా అడుగుండ్రి,” అంది.

అడిగాను. బ్యాగు మంచం కింద ఉందట. తాపీ ఉందట. కోటు కొక్కేనికి వేలాడుతోందట.

ఓయమ్మా, ఆమె ముఖం వెలిగిపోయింది! “తాపీ ఇడిసిపెట్టి యాడికి పోతడు సార్? వస్తడు. ఆ సామాను ఎవ్వరికియ్యొద్దు, మా ఆయన వస్తడని చెప్పుండ్రి.”

ఈ చలికాలంలో అక్కడ కోటు లేకుండా ఎవరూ గుమ్మం దాటరు, ఆరేళ్లు చూశాను. అయినా “ప్రిద్యోత్” అన్నాను, వస్తాడని.

అటువైపు మనిషి మెల్లగా, “ఈ చలిలో, కోటు లేకుండానా?” అన్నాడు.

“ఏమంటుండు సార్?” అంది ఆమె.

“అన్నీ భద్రంగ ఉంచుతా అంటుండమ్మా,” అన్నాను.