గ్రీకావిడ వాకిట్లో నిలబడ్డవాళ్ళు

నా చిన్నప్పుడే నాకు మిరప ఘాటు అలవాటైపోయింది. జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లుకి ఇవతల మా పల్లె. అక్కడ ఆడపిల్ల బడికి వెళ్ళకపోయినా అడిగేవాళ్ళు లేరు గానీ, కల్లానికి రాకపోతే మాత్రం ఇంటికొచ్చి మరీ అడిగేవాళ్ళు. మూడో తరగతి దాకా వెళ్ళీ వెళ్ళక వెళ్ళాను. ఆ తర్వాత నా పలకా బలపం అటకెక్కాయి. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాట నున్నగా చెయ్యొద్దని దానికి ముందే చెప్పాను.

మిరపకాయలు ఎండాక రైతు కల్లంలో కుప్ప పోయిస్తాడు. ఆడవాళ్ళందరూ ఆ కుప్ప చుట్టూ కూర్చుని మంచి ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలు కాయ ఇంకో పక్కకి ఏరాలి. చేతులకే పని, నోరు ఖాళీ. పైన పట్టా కట్టిన నీడ, ముక్కులకి కొంగులు. పల్లెలో ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు తేలేది ఆ కుప్ప దగ్గరే. అక్కడే తీర్పులు కూడా చెప్పేసేవాళ్ళు.

అది తొంభైల్లో మాట. మా నాన్న సిమెంటు లారీ నడిపేవాడు. లోడుకని వెళ్ళి వారానికోసారి వచ్చే మనిషి నెలకోసారి రావడం మొదలుపెట్టాడు, తర్వాత అదీ లేదు. నందిగామలో ఇంకొకామెని చేసుకుని కాపురం పెట్టాడని అతని లారీ క్లీనరే వచ్చి చెప్పాడు. మా అమ్మది మధిర పక్క ఊరు. అన్నల్ని కాదని, ఒక తెల్లవారుజామున అదే లారీ ఎక్కి నాన్నతో వచ్చేసిన మనిషి. ఆ రోజు నుంచీ పుట్టింటి గడప తొక్కలేదు, తొక్కనిచ్చేవాళ్ళూ లేరు. అందుకని ఆ కబురు విన్నాక వెనక్కి వెళ్ళడానికి ఆమెకి దారి కూడా లేదు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మాట మాత్రం మారింది. అంతకు ముందు నా పిల్ల, నా పిల్లోడు అనేది. ఆ తర్వాత వాడి కూతురికి తల దువ్వాలి, వాడి కొడుక్కి ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇలా అనడం మొదలుపెట్టింది. మా తమ్ముడు బాగా చిన్నవాడు, వాడికి ఏమీ తెలిసేది కాదు. నాకు తెలిసేది. అమ్మ ఒళ్ళోనే కూర్చున్నా ఎవరింట్లోనో కూర్చున్నట్టు ఉండేది.

ఒకరోజు కుప్ప దగ్గర అమ్మ గొంతు పెంచకుండా, చల్లగా తన నిర్ణయం చెప్పేసింది. "కల్లం పని అయిపోనీ. ఆదివారం ఈ ఇద్దర్నీ తీసుకుపోయి వాడి గుమ్మంలో కూర్చోబెట్టి వచ్చేస్తా. వాడి పిల్లలు, వాడే సాక్కుంటాడు. ఆ కొత్త పెళ్ళాం వీళ్ళ చీముడు తుడుస్తా ఉంటే అప్పుడు తెలిసొచ్చిద్ది వాడికి."

మగవాడు వదిలేస్తే ఆడవాళ్ళు అలా చేయడం మా వైపు కొత్తేమీ కాదు. కుప్ప చుట్టూ నవ్వులు పుట్టాయి. మంచి పనే, అలాగే చెయ్యి, బుద్ధొస్తుంది అన్నారు. అందరికీ మంచినీళ్ళు పోస్తున్నది నేనే. అమ్మ వైపే చూస్తూ పోసేసరికి నీళ్ళు ఒకామె చీర మీద ఒలికాయి. చూసి పొయ్యవే అని ఆమె కసిరిందే గానీ, నా చూపు ఎటుందో ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచీ నేను రెండోసారి అన్నం అడగడం మానేశాను. తమ్ముడు ఏడవకుండా చూసుకునేదాన్ని. చెప్పకముందే గిన్నెలు తోమేదాన్ని. బరువనిపించకపోతే అమ్మ ఉంచేసుకుంటుందేమో అని నా ఆశ.

మా పక్కింటి అక్క అప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంగ్లీషులో పెద్ద చదువు చదువుతోంది. ఆమె అమ్మానాన్నలూ మాలాగే కూలికి వెళ్ళేవాళ్ళే. పరీక్షలకి చదువుకోమని సెలవులిస్తే ఇంటికొచ్చి, పొద్దున్నే మాతో పాటు కల్లంలో కూర్చునేది. కారం చేతులతో పుస్తకం పట్టుకుంటే రాత్రికి కళ్ళు మండిపోతాయి కదా, అందుకని పాఠాలు పైకే వల్లె వేసుకునేది. అర్థం కాని ఆ గొణుగుడు విని విసుగొచ్చి, మా ముఠాలో పెద్దావిడ, మేమంతా మామ్మ అనేవాళ్ళం, ఆవిడ అంది, "అదేదో తెలుగులో చెప్పవే, మాకూ పొద్దు పోయిద్ది."

అక్క ఒకసారి మా అమ్మ వైపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఇది గ్రీకు దేశంలో వాళ్ళ పూర్వీకులు చెప్పుకున్న కథ, నాటకంగా కూడా ఆడేవాళ్ళు, యేసుప్రభువు పుట్టడానికి చాలా ముందు మాట అంది. చర్చిలో పాస్టరుగారు చెప్పే ఆ గ్రీసు దేశమేనా అని ఎవరో అడిగారు. ఆ దేశమే అంది.

సముద్రానికి ఆ ఒడ్డున ఒక రాజుకి కూతురుంది. మందులూ మాకులూ తెలిసిన పిల్ల. సూర్యుడికి మనవరాలు. ఆ మాట దగ్గరే మామ్మ ఆపేసి, "అయితే ఎండ కాస్త తగ్గించమని వాళ్ళ తాతకి చెప్పమనవే" అంది. అందరం నవ్వాము. ఒకడు ఓడేసుకుని బంగారు బొచ్చున్న గొర్రె తోలు కోసం వచ్చాడు. వాడి మీద మనసు పడి ఈ పిల్ల తోలు దక్కేలా చేసింది. కన్నతండ్రిని మోసం చేసింది, అడ్డొచ్చిన తోడబుట్టినవాణ్ణి చంపింది, వాడి ఓడెక్కి వాడి వెంట వచ్చేసింది. ఇద్దరు మగపిల్లలు పుట్టారు. అప్పుడు వాడు, ఇంకో రాజు కూతుర్ని చేసుకుంటా, నువ్వు ఊరొదిలి పొమ్మన్నాడు.

మా అమ్మ ఏరడం ఆపి, వాడిదీ డ్రైవరు బుద్ధే అంది. అక్క నవ్వలేదు. ఆ పెళ్ళికూతురికి ఈమె కానుకగా ఒక పట్టుచీర పంపింది, కట్టుకోగానే ఒళ్ళంతా మంటలు లేచే మందు దానికి పూసి పంపింది అని చెప్పేసరికి కుప్పంతా కేరింతలు. మంచి పని చేసింది అన్నారు. అమ్మ ఎన్నో నెలల తర్వాత పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఆ గ్రీకావిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. పొద్దు వాలింది. మిగతాది రేపు అంది అక్క.

మర్నాడు అందరూ తొందరగానే వచ్చారు. అక్క మాత్రం తీరిగ్గా కూర్చుని, ముక్కుకి కొంగు కట్టుకుని, చిన్న గొంతుతో చెప్పింది. పెళ్ళికూతురు పోయింది. కానీ మొగుడికి ఆ నొప్పి చాలదనిపించింది ఈమెకి. వాడికి ఇంకా గట్టిగా తగలాలి. అందుకని తన ఇద్దరు పిల్లల్నీ లోపలికి తీసుకుపోయి, తలుపు వేసి, తన చేత్తోనే చంపేసింది.

ముందు మామ్మకి కోపమొచ్చింది. ఛీ, అది తల్లి కాదు, దయ్యం, ఇదేం చదువే మీకు చెప్పేది అని తిట్టింది. ఒకామె కాదంది, వాడు అంత పని చేస్తే ఆమె మతి పోయిందని వాదించింది. ఇంకొకామె, మతి పోయినదానికి చీరకి మందు పూసే తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎదురడిగింది. ఆమె పరాయి దేశం మనిషి, వెనక నిలబడేవాళ్ళెవరున్నారు అని మరొకరు. చదువుకున్నవాళ్ళు ఏమంటారే అని అక్కని అడిగితే, వేల ఏళ్ళ నుంచీ వాళ్ళూ ఇలాగే కొట్టుకుంటున్నారు, తేలలేదు అంది.

చివరికి అమ్మ అంది, "వాడికి నొప్పి తెలియాలి గదా. వాడిదని చెప్పుకోడానికి ఆమె దగ్గర ఇంకేముంది? ఆ పిల్లలే గదా."

అక్క తలెత్తకుండానే అడిగింది, "వాడి పిల్లలేనా వదినా? ఆమెకి కాదా?"

అమ్మ ఇంకో గుప్పెడు కాయలు ముందుకి లాక్కుంది.

అప్పుడు అక్క ఇంకో సంగతి చెప్పింది. నాటకంలో ఆ ఇంటి వాకిట్లో ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉంటారట. ఆమె బాధంతా వింటారు. పాపం అంటారు, వాడిది తప్పే అంటారు. పిల్లల్ని చంపుతానని ఆమె వాళ్ళ ఎదురుగానే చెబుతుంది. వద్దమ్మా అని నోటితో అంటారు. తలుపు వెనకాల పిల్లలు అరిచినప్పుడు, లోపలికి పోదామా అని కూడా అనుకుంటారు. ఒక్కరూ పోరు.

"అంతమంది ఉండి, ఒక్కరన్నా తలుపు తొయ్యలేదా?" అంది మామ్మ.

"లేదు మామ్మా. అలాగే నిలబడ్డారు."

మామ్మ నా వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది, వాడు గోతాల మీద పడుకుని కాయ తొడిమలతో ఆడుకుంటున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ చూశారు. ఇన్నాళ్ళూ మేము అక్కడే తిరుగుతున్నాం. మేమంటూ ఉన్నామని వాళ్ళకి తట్టింది అప్పుడేననిపించింది నాకు.

ఆ ఆడమనిషికి ఉరి పడిందా అని ఎవరో అడిగారు. లేదు, తాత సూర్యుడు రథం పంపితే, దాన్ని లాగేది పాములు, ఎక్కి ఆకాశంలో వెళ్ళిపోయింది అంది అక్క.

"ఎక్కడ దిగింది?" అంది అమ్మ.

"ఏదో వేరే ఊళ్ళో అంటారు వదినా."

"దిగినాక ఆకలేసి ఉంటది గదా. పొయ్యి రాజేసి ఉంటది." అమ్మ చేతిలో కాయ అటూ ఇటూ తిప్పింది. "వండి ఎవరికి పెట్టిందో."

సాయంత్రం లేచేటప్పుడు మామ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఆదివారం ఒక్కదానివే పోవద్దు, ఈ పిల్లని తోడు తీసుకుపో అని అక్కని చూపించింది.

ఆదివారం రానే వచ్చింది. అమ్మ మాకు తలంటి పోసి, మా బట్టలన్నీ మూట కట్టింది. అన్నీ. అక్క పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. జగ్గయ్యపేట నుంచి వచ్చే బస్సెక్కి నందిగామలో దిగాము. దారి పొడుగునా నేను తమ్ముడి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, వాడు నొప్పని గింజుకున్నాడు.

నాన్న ఉండేది ఒక రేకుల ఇల్లు. పిలిస్తే ఆమె బయటికొచ్చింది. రాక్షసిలా ఉంటుందనుకున్నాను. మా పక్కింటి అక్క కంటే చిన్న పిల్ల. చేతికి పిండి అంటుకుని ఉంది. ఎవరండీ అని అడిగింది. వెనకాల నాన్న వచ్చి నిలబడ్డాడు, అమ్మని చూడగానే మొహం పాలిపోయింది.

అమ్మ మూట నా చేతికి ఇవ్వబోయింది. సగం దాకా వచ్చిన చెయ్యి ఆగింది. మూట మళ్ళీ తన చంకలోకి పోయింది.

నాన్నతో కాదు, ఆ పిల్లతో అంది, "వీళ్ళు నా పిల్లలు. వాళ్ళ నాన్నని చూసి పోతారు. సాయంత్రం బస్సుకి తీసుకుపోతా. అన్నం పెట్టు, మావాడు కారం తినడు."

ఎదురుగా మూసేసిన సైకిలు షాపు ఒకటుంది. దాని అరుగు మీద అమ్మా అక్కా కూర్చున్నారు. నేను అన్నం తింటూ మధ్యలో రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూశాను. అక్క పాఠం వల్లె వేస్తోంది, అమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని కొంగుతో ఇద్దరికీ విసురుతోంది. మూడోసారి చూడటానికి లేస్తే నాన్న భార్య నా తల నిమిరి, ఉంది లేమ్మా, మీ అమ్మ ఎక్కడికీ పోలేదు అంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం రాదు.

అమ్మ కోపం మాత్రం పోలేదు. బతికినన్నాళ్ళూ నాన్నతో మాట్లాడలేదు. అతను మమ్మల్ని చూడటానికి వస్తే, గుమ్మం దాకానే రానిచ్చేది. అంత కోపం ఉంచుకుని మమ్మల్ని దాని సెగ తగలకుండా పెంచడం ఎలా సాధ్యమైందో, నా భర్త పోయి పిల్లలతో ఒంటరిగా మిగిలినప్పుడు గానీ నాకు తెలియలేదు. గ్రీకావిడ మాటెత్తితే అమ్మ ఎప్పుడూ ఒకటే అనేది, తప్పే చేసింది, కానీ పాపం అని. రెండూ ఒకే ఊపిరిలో అనేది.

అక్క తర్వాత లెక్చరరు అయింది. నేను పెద్దదాన్నయ్యాక అడిగాను, అన్ని పాఠాలుండగా ఆ కథే ఎందుకు చెప్పావని. "మీ అమ్మ నాకంటే పెద్దది. తప్పు చేస్తున్నావు వదినా అని మొహం మీద అనగలనా? అందుకని గ్రీకావిడని తెచ్చి కుప్ప దగ్గర కూర్చోబెట్టా" అంది.

నాకు అంత చదువు లేదు, అన్ని కథలూ రావు. మా వీధిలో ఏ ఇంట్లోనైనా గొడవ పడుతుంటే మామూలు అరుపులకి నేను కదలను. కానీ ఒక్కోసారి ఆడమనిషి గొంతు పైకి లేవకుండా చల్లబడిపోతుంది. ఆ గొంతు నేను మా కుప్ప దగ్గర విన్నాను, నాకు తెలుసు. అది వినపడితే చేస్తున్న పని వదిలేసి వెళ్ళి, పిలవకపోయినా తలుపు తోసుకుని లోపలికి పోతాను. ఒక ఉల్లిపాయ ఉంటే పెట్టమ్మా అంటాను. ఆమె కళ్ళు తుడుచుకుని వెతికి ఇచ్చేదాకా ఆ ఇంటి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. అంతకంటే ఏమీ చెప్పను. ఈమెకి సిగ్గు లేదు, వారానికోసారి ఉల్లిపాయకి వస్తుందని వెనకాల అంటారట. అననీ. మా ఇంట్లో బుట్ట నిండా ఉల్లిపాయలున్నాయి.