పులస మీద వేసిన ఒట్టు

తన నోటి దగ్గర కూడు మనిషి తానే ఎలా తీసేసుకుంటాడో తెలుసుకోవాలనుంటే కాస్త ఇలా కూర్చోండి. గోదావరికి ఎర్రనీరు వచ్చి పులసలు ఎదురీదే రోజుల్లో, కోనసీమలో ఉండి, సొరకాయ కూరతో భోజనం ముగించిన ఘనత నాది. అందుకోసం నేను పడ్డ శ్రమ కూడా తక్కువేమీ కాదు.

అప్పుడు నాకు అమలాపురంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల ఉద్యోగం. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక ఫోన్ గేమ్ తయారుచేసేవాణ్ణి. అందులో కథానాయిక ఒక పులస. అంతర్వేది దగ్గర సముద్రం వదిలి, ఏటికి ఎదురీది, దారిలో వలలన్నీ తప్పించుకుని ధవళేశ్వరం ఆనకట్ట చేరాలి. ఆలోచన బ్రహ్మాండం, పనే సాగదు. మొదట్లో అన్నానికి పిలిచినా వినపడనంత ఊపు. కొన్నాళ్లకి ఆ కుర్చీని చూస్తేనే నిద్ర. ఎవరూ చెయ్యమనని పని, మనమే ముచ్చటపడి మొదలుపెట్టిన పని, దాని మీదే ఇంత బద్ధకం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఇప్పటికీ వింతే. మీకు తెలిస్తే చెప్పండి.

చివరికి ఒక ఉపాయం తట్టింది. బాగా ఇష్టమైనదాన్ని పణం పెడితే పని దానంతట అదే పరిగెడుతుంది కదా. మోకాళ్ల నొప్పులకి వైద్యం చేయించుకుంటూ అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిణ్ణి చూడ్డానికి రాజోలు నుంచి మావయ్యగారు వచ్చిన ఆదివారం, భోజనాల దగ్గర ప్రకటించాను.

"గేమ్ పూర్తయ్యేదాకా నేను పులస ముట్టనండి."

మావయ్యగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఏటా మాకు పులస తెచ్చేది ఆయనే.

"ఒట్టు పెట్టుకోడానికి ఇంకేం దొరకలేదాండీ బాబూ? వంకాయ ఉంది కదండీ."

"వంకాయ మానేస్తే నాకు పని చెయ్యబుద్ధి కాదండి మావయ్యగారూ."

"ఆయ్, అదీ నిజమేనండి. మరి ఎర్రనీరు తగ్గేలోపు అయిపోద్దాండీ?"

ఆ ప్రశ్న నన్ను తరిమింది. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విడిచి నేరుగా కుర్చీలోకే. పని పరుగందుకున్నాక, ఎవరో ఒకరు ఆడి లోపాలు చెప్పాల్సి వచ్చింది. "అమ్మ ఖాళీగానే ఉంటోంది కదండీ," అంది మా ఆవిడ సునీత. ఫోన్ అత్తయ్యగారి చేతికిచ్చాను. నా కొంప అక్కడే మునిగింది.

మొదట ఆవిడకి వేలు మాట వినలేదు. తర్వాత కళ్లజోడు తెచ్చుకున్నారు. ఆ తర్వాత టీవీ సీరియల్ మర్చిపోయారు.

"అల్లుడుగారూ, చించినాడ వంతెన కింద వలలు మరీ దగ్గరదగ్గరగా వేసేరండీ. పాపం, అది ఎటెళ్తదండీ?"

"చేపే కదండి అత్తయ్యగారూ."

"చేపంటారేంటండీ. బుజ్జమ్మ అనండి."

ఆడేవాళ్లు బొమ్మకి పేరు పెట్టారంటే, చేసినవాడికి అంతకంటే ఏం కావాలి? నేను పొంగిపోయి వలలు దూరం జరిపాను.

గేమ్ పూర్తయింది. బుజ్జమ్మ ఆనకట్ట చేరింది. అత్తయ్యగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేను మావయ్యగారికి ఫోన్ చేసి, ఒట్టు తీరిందన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన సంచిలో పులసతో దిగారు. పులుసు మర్నాటికి గాని రుచి తేలదంటారు గాని, నాకంత ఓపిక లేదు. మధ్యాహ్నం వచ్చి వేడివేడిగానే తినేస్తానని చెప్పి ఆఫీసుకి వెళ్లాను.

మధ్యాహ్నం మా వీధి మలుపులోనే పులుసు వాసన ఎదురొచ్చింది. దాదాపు పరిగెత్తాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. కంచంలో సొరకాయ కూర పడింది.

"పులుసేదీ?"

సునీత వాళ్లమ్మ వైపు చూసింది.

"కత్తిపీట ముందేసుకుని కూర్చున్నానండీ," అన్నారు అత్తయ్యగారు. "అది నా వైపే చూసిందండీ. ఇన్నాళ్లూ వలల్లోంచి తప్పించి, ఇప్పుడు నేనే ఎలా కొయ్యనండీ?"

"మరి ఈ వాసన?"

"పక్కింటి వాళ్లకి ఇచ్చేసేనండీ."

"వాళ్లు మాత్రం కోసుకు తినొచ్చాండీ?"

"వాళ్లు మీ గేమ్ ఆడలేదు కదండీ."

గోడవతల గరిటె చప్పుడు వినిపిస్తోంది. ఏడుపొచ్చినంత పనైంది. మావయ్యగారు సొరకాయ కలుపుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"గేమ్ చాలా బాగుందండీ బాబూ. అంత బాగా చెయ్యకుండా ఉండాల్సిందండీ."

అందుకని, ఆ సొరకాయ సాక్షిగా, శుచిగా చేతులు కడుక్కుని ప్రతిజ్ఞ చేశాను: నాకు ఇష్టమైన తిండి ఏదీ ఇకమీదట నా గేములోకి అడుగుపెట్టదు. ఇప్పుడు చేస్తున్న గేములో కథానాయకుడు, నాకు బొత్తిగా గిట్టని కాకరకాయ. రోజూ అత్తయ్యగారి చేత ఆడిస్తున్నాను. ఎప్పుడు పేరు పెడతారా అని ఎదురుచూస్తున్నాను.