జయరాజ్ పాడలేకపోయిన పాట

చిన్నకోడూరు చర్చివాళ్లలో ఎవరు పోయినా సమాధి దాకా పాడుతూ నడిచేది జయరాజే. పగలంతా సిద్దిపేటలో కొత్త ఇళ్లకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీదున్నా ఊరి నుంచి కబురొస్తే చేతులు కడుక్కుని బస్సెక్కేవాడు. ఏడుపు రాక బిగుసుకుపోయినవాళ్లు కూడా అతని గొంతు వింటే భోరుమనేవారు.

నిరుడు వానల్లో జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే, మందుల షాపులో ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. కొట్టిన నిమిషంలో ఊపిరి ఆడింది. జలుబు వారంలో పోయింది గాని సీసా పోలేదు. పూటకోసారి కొట్టేది రెండు గంటలకోసారి అయింది. జేబులో అది లేనిదే గడప దాటేవాడు కాదు.

"గా సీసా ఇడువు బిడ్డా, నీ పాట పలుచబడ్డది," అనేది తల్లి నర్సమ్మ.

ఆమె పోరు పడలేకే సిద్దిపేటలో ముక్కు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఇది మూడు నాలుగు రోజుల మందు. నువ్వు ఏడాది వాడినవ్. ఇప్పుడు నీ ముక్కు మూసేది జలుబు కాదు, ఈ మందే. బీపీ కూడా పెరిగింది. ఆపెయ్. కొన్ని వారాలు కష్టమైతది, తర్వాత తెరుచుకుంటది," అని ఆమె ఉప్పునీళ్ల స్ప్రే, ఇంకో మందు రాసింది.

ఇంటికొచ్చి తల్లి చేతిలో చెయ్యి వేసి, ఇక ముట్టనన్నాడు.

ఐదో రోజు తెల్లారేసరికి నర్సమ్మ నిద్రలోనే పోయింది.

సమాధి దగ్గర అందరూ జయరాజ్ వైపే చూశారు. ఏడ్చి ఏడ్చి ముక్కు రెండు వైపులా మరింత బిగిసింది. భార్య మహేశ్వరి దగ్గరికొచ్చి మెల్లగా అంది, "నా సంచిల పాత సీసా ఉన్నది. గీ ఒక్కదినం కొట్టుకుంటే ఏమైతది?"

"వద్దు. అవ్వకు మాటిచ్చిన."

పాట ఎత్తుకున్నాడు. రెండో మాటకే ఊపిరి తెగింది. నోటితో గాలి పీల్చి మళ్లీ ఎత్తుకుంటే గొంతు బొంగురుపోయి ఆగింది. వెనక నుంచి ముసలి భూమయ్య అందుకున్నాడు. ఆయనకు పాట సగమే వచ్చు. వచ్చిన సగాన్నే తిప్పి తిప్పి పాడాడు. మట్టి పోస్తున్నంతసేపూ జయరాజ్ పెదవులు మాత్రం కదిలాయి. ఎందరి తల్లులనో పాడి సాగనంపినవాడు.

మూడు వారాలకు ముక్కు తెరుచుకుంది. ఆ సాయంత్రం ఒక్కడే తల్లి సమాధి దగ్గరికి వెళ్లి పాట మొత్తం పాడాడు. ఎక్కడా ఊపిరి తెగలేదు. ఆనాడు రాని పాట ఇప్పుడు వచ్చినందుకే మరీ బాధేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.