మార్జిన్‌లో ఎల్లస్వామి పెద్దనాయిన

మా ఎల్లస్వామి పెద్దనాయిన పుస్తకాలు చదవడు, వాటితో కొట్లాడతాడు. అదీ ఇంగ్లీషు పిల్లల సాహసకథలతో. చిన్నప్పుడు ప్రాణంగా చదివిన ఆ పుస్తకాలనే, రైల్వే గార్డుగా రిటైరయ్యాక మళ్లీ పట్టుకుని, కాజీపేటలో నేను చూసుకునే లైబ్రరీ కప్పు ఎగిరిపోయేలా అరుస్తాడు.

"యమునా! గీ తల్లికి బుద్ధున్నదా? నలుగురు పోరగాండ్లకు రొట్టెలు కట్టిచ్చి దీవికి తోలింది! మేడారం జాతరకు పోతే మనం పిల్లల చేతుల మీద ఫోన్ నంబర్ రాస్తం గదా!"

"కథ గదా పెద్దనాయినా."

"కథైతే తప్పిపోరా?"

అరిచి ఊరుకుంటే బాగుండేది. పెన్సిలుతో మార్జిన్‌లో రాస్తాడు కూడా. పిల్లలు గుహలో దారి తప్పిన పేజీలో ఏకంగా తన ఫోన్ నంబరే రాసిపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

లైబ్రరీ కమిటీకి ఇంకా మండింది. సోమవారంలోగా రాతలన్నీ చెరిపేసి, ఆయన లైబ్రరీ కార్డు రద్దు చేయమన్నారు. ఆ మాట చెబితే కార్డు టేబుల్ మీద విసిరికొట్టాడు.

"చేస్కో రద్దు! నా చిన్నతనంల నాకెవలూ చెప్పలే. గిప్పుడు నేను చెప్తే తప్పా?"

ఏం చెప్పలేదో నాకర్థం కాలేదు. తిట్టుకుంటూ రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. నల్లటి మొహం కనబడగానే దొంగ అని తేల్చేసిన పేజీ పక్కన ఇలా ఉంది: "బిడ్డా, నల్లగుంటే దొంగ కాదు. నేనూ నలుపే. ముప్పై ఆరేండ్లు గార్డు పని చేసిన. నా బండిల ఒక్క మూట పోలే."

ఇంకోచోట మగపిల్లలు గుహకు పోతూ ఆడపిల్లను గిన్నెలు కడగమన్నారు. పక్కన పెద్దనాయిన: "బిడ్డా, నువ్వు గూడ పో. బోళ్లు అచ్చినంక అందరు కలిసి తోముకోండ్రి."

దాని కింద నీలం ఇంకుతో, వంకర అక్షరాల్లో: "సరే తాతా. నేను గూడ పోయిన. మహెక్, ఐదో తరగతి."

సోమవారం కమిటీ ముందు ఆ పేజీ తెరిచిపెట్టి, చెరిపేది మీరే చెరుపుకోండన్నాను. ఒక్కరూ రబ్బరు ముట్టలేదు, కార్డు రద్దు మాటా మళ్లీ ఎత్తలేదు.

కార్డు తిరిగిస్తూ పెద్దనాయినకూ అదే పేజీ చూపించాను. అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. అంతే, మళ్లీ కప్పు ఎగిరింది.

"లైబ్రరీ బుక్కుల ఇంకుతోని రాస్తరా ఎవలన్నా? గా పిల్లకు జర బుద్ధి చెప్పు!"

అంటూనే జేబులోని పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది ఇయ్యి."