ఇంటర్నెట్‌లో పరిచయమైన రత్నం కోసం భీమిలి దాకా

మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాది, సముద్రపు గవ్వలనూ శంఖాలనూ గుర్తుపట్టే వారి ఇంటర్నెట్ బృందంలో నాకు రత్నం పరిచయమైంది. శంఖజాతుల వర్గీకరణ నా వృత్తి. ఆమె భీమిలి మత్స్యకార కుటుంబంలో పుట్టి, జంతుశాస్త్రంలో డిగ్రీ చదివింది. తెలియనిది అడిగితే తెలియదనే రాసేది. కనుక్కున్నాక మరవకుండా చెప్పేది. ఆ అలవాటు చూసే నమ్మాను. కాకినాడ తీరంలో నెల రోజులు చేయబోయే సర్వేకు సహాయకురాలిగా రమ్మన్నాను. ఆమెకూ రావాలని ఎంతో ఉంది. కానీ ముఖమైనా చూడని మనిషి వెంట కూతురిని పంపనని వాళ్లమ్మ పోలమ్మగారు ఖండితంగా చెప్పేశారట. న్యాయమైన మాటే. ముఖం చూపించడానికే గుంటూరులో రాత్రి రైలెక్కాను.

తెల్లవారాక విశాఖలో దిగి, సిటీ బస్సులో మద్దిలపాలెం, అక్కడ మారి తగరపువలస చేరాను. రెండు టికెట్లూ కలిపి పాతిక రూపాయలు దాటలేదు. తొలి కలయిక జనం మధ్య ఉండాలని ఆ బస్టాండును నేనే ఎంచుకున్నాను. రత్నం నంబరు మా చెల్లెలికి ఇచ్చి వచ్చాను. తీరా చూస్తే రత్నం కూడా వాళ్ల పిన్నిని తోడు తెచ్చుకుంది. ఒకరినొకరం ఇంతగా అనుమానించుకున్నందుకు ముగ్గురమూ నవ్వుకున్నాం. భీమిలి షేర్ ఆటో డ్రైవరు వాళ్ల వీధివాడే. "కంప్యూటర్లో మాటాడింది ఈవిడేనేటి? నాను మీసాలున్నోడు దిగుతాడనుకున్నాను," అన్నాడు. పిన్ని అతని వీపు మీద ఒకటి వేసింది.

ఒడ్డున అలివి వల లాగుతున్నారు. పడవ మీద వెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలిన వలను, రెండు జట్లు రెండు తాళ్లతో నేల మీదికి లాగుతాయి. తాడు లాగుతున్న పోలమ్మగారు నేను చాపిన గుర్తింపు కార్డును చూడలేదు.

"కారడ్డు సూసి నాకేటి తెలుత్తాది? తాడట్టుకో."

అతిథికి చూపే ముచ్చట కాబోలు, ఐదు నిమిషాల పని అనుకున్నాను. గంట దాటినా వల రాలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. అంతలో అల వెనక్కి వెళ్లినప్పుడు, నా పాదం పక్కనే ముళ్ల శంఖం ఒకటి, ప్రాణంతో, మెల్లగా కదులుతూ కనిపించింది. రత్నమూ నేనూ నెలలుగా రాసుకుంటున్నది దాని గురించే. వంగితే తాడు సడలుతుంది. సడలితే వల అడుగు లేచి చేపలు జారిపోతాయని పక్కావిడ అంతకుముందే చెప్పింది. చూస్తూ నిలబడ్డాను. తర్వాతి అల దాన్ని తీసుకుపోయింది.

వల ఒడ్డుకు చేరింది. తాడు పట్టిన ప్రతివారికీ వాటా ఉంటుందట. పోలమ్మగారు నా వాటా కానాగంత చేపలు నా ముందు పోసి, పక్కన కూర్చున్నారు.

"నీ కాళ్లకాడ శంకం నానూ సూసినాను. ఒంగుతావనుకున్నాను." కాసేపు నా చేతుల కేసి చూశారు. "పిల్లని తీసుకెళ్లు. వారానికోపాలి ఫోన్ సేయించు."

రత్నం అక్కడే ఇసుకలో కూలబడి, నవ్వుతూ ఏడ్చేసింది. నా వాటా చేపలే మధ్యాహ్నం పులుసయ్యాయి. నా సాయంత్రం రైలు నేను లేకుండానే వెళ్లిపోయింది.

తెర మీద మనిషి మాటలు తెలుస్తాయి. మాటకూ చేతకూ మధ్య దూరం తెలియదు. అది తెలియాలంటే ఇద్దరూ కలిసి ఏదో ఒక పని చేయాలి. నేను ముఖం చూపించడానికే వచ్చాననుకున్నాను. పరీక్షకు నిలబడటంలో ఇంత సంతోషం ఉంటుందని ఊహించలేదు. మీరూ ఇలా పరిచయమైనవారిని కలవబోతుంటే, పగటిపూట రద్దీ చోటే కలవండి, కానీ తిరుగు టికెట్టు మర్నాటికి తీసుకోండి.