పేరు తెలియని బొమ్మలామె

ఒక జపాన్ చిత్రకారిణి పనిని నేను చాలా ఏళ్ళు దగ్గరగా గమనించాను. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె రాసిన మాట ఒక్కటి కూడా చదవలేదు. పేరు ప్రతి పుస్తకం అట్ట మీదా పెద్దగానే ఉండేది గానీ, జపాన్ లిపిలో ఉండేది. మా బోధన్‌లో ఆ లిపి చదవగలిగినవాళ్ళు నాకు తారసపడలేదు. తర్వాతెప్పుడో నిజామాబాద్‌లో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక ఆమెను వెతుకుదామని కూర్చున్నాను. ఏమని కొట్టాలో తెలియక, కాసేపు తెర వైపు చూసి లేచి వచ్చాను.

ఆమె పుస్తకాలు మాకు దుబాయ్ మీదుగా వచ్చాయి. తొంభైల మొదట్లో మా అక్కను కమ్మర్‌పల్లి ఇచ్చారు. పెళ్ళయిన నెలకే బావ దుబాయ్ పోయాడు. అక్కడ జపాన్ ఇంజనీర్ల కుటుంబాలు ఉండే ఇళ్ళు ఊడ్చి తుడవడం ఆయన పని. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చదివి పారేసిన ప్రేమకథల బొమ్మల పుస్తకాలను ఏరి, సెలవు మీద ఊరికొచ్చేవాళ్ళ సంచుల్లో పెట్టి అక్కకు పంపేవాడు. వాడకట్టులో అందరి మొగుళ్ళూ దుప్పట్లు, టార్చిలైట్లు, అత్తరు సీసాలు పంపేవారు. మాకు పుస్తకాలు వస్తున్న సంగతి బయట చెప్పొద్దని అవ్వ గట్టిగా చెప్పింది. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం.

ఉత్తరాలు కూడా వచ్చేవి. తాను క్షేమమనీ, మేము క్షేమమని తలుస్తున్నాననీ రాసి, మిగిలిన కాగితం ఖాళీగా వదిలేసేవాడు. నెల రోజుల కాపురంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది కూడా దాదాపు అంతేనట. అక్క పంటల రోజుల్లో అత్తగారింట్లో, మిగతా రోజులు మా ఇంట్లో అవ్వతో కలిసి బీడీలు చుడుతూ గడిపేది.

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. క్లాసులో సగం మందికి రికార్డుల్లో కప్ప బొమ్మలు గీసిపెట్టేదాన్ని కాబట్టి, బొమ్మల విషయంలో నా మాటకు ఇంట్లో విలువ ఉండేది. ఆ పుస్తకాలన్నీ ఒక్కామె గీసినవే అని కనిపెట్టింది నేనే. ఏది ముందు గీసిందో ఏది తర్వాత గీసిందో చేతులను బట్టి చెప్పేదాన్ని. మొదటి రోజుల్లో ఆమెకు చేతులు గీయడం రాదు. హీరో ఎప్పుడూ జేబుల్లో చేతులు పెట్టుకునేవాడు, హీరోయిన్ వెనక్కి కట్టుకునేది. ఇద్దరినీ ఎవరో అరెస్టు చేసినట్టు ఉండేది. కళ్ళు మాత్రం ముఖంలో సగం ఉండేవి. ఆ కళ్ళలో చుక్కలు, వెనకాల ఏ కారణమూ లేకుండా పూలు.

తర్వాతి పుస్తకాల్లో కళ్ళు మనుషుల కళ్ళంతే అయ్యాయి. పూలు తగ్గాయి. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చి బియ్యం కడిగాయి, గొడుగులు మూశాయి. ఇంకా తర్వాత ఆమె సగం పేజీ ఖాళీగా వదిలేసి, ఒక మూలన పొయ్యి మీద కెటిల్ మాత్రం గీసేది. ఆ ఖాళీ చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎందుకొచ్చేదో చెప్పలేను, అప్పటికి నాకింకా పెళ్ళి కూడా కాలేదు.

ప్రతి పుస్తకంలోనూ ఒక పేజీలో ఆమె తన బొమ్మ తానే వేసుకునేది. లావు పిల్లి, చేతిలో కలం, ముందు గడియారం. ఒకసారి ఆ పిల్లి మణికట్టుకు పట్టీ ఉంది. అక్క బీడీల చాట పక్కన పెట్టి దాన్నే చూసింది.

"పాపం, గీమెకు గూడ మణికట్టు గుంజుతున్నదే. మన లెక్కనే కూసొని చేసే పని గద" అంది.

ఆ తర్వాత కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా, పిల్లి చెయ్యి ఎట్లా ఉందని అవ్వ ముందుగా అడిగేది.

కథలు మాత్రం మాకు వింతగా ఉండేవి. మొదటి పేజీల్లోనే పెళ్ళి అయిపోయేది. పెళ్ళయ్యాక ఇద్దరూ యూనిఫారాలు తొడుక్కుని బడికి పోయేవారు. జపాన్‌వాళ్ళకు చదువంటే అంత శ్రద్ధ అని అవ్వ నన్ను దెప్పింది. ఒక పుస్తకంలో హీరో తలకు కట్టు కట్టుకుని తిరిగి తిరిగి, తర్వాత సైకిల్ మీంచి పడ్డాడు. ముందుచూపున్న మనిషి అనుకున్నాం. ముగింపు అన్నిట్లోనూ ఒక్కటే. నవ్వుకున్నవాళ్ళు పోట్లాడుకునేవారు, ఏడ్చేవారు, పలకరింపులు మానేసేవారు, చివరికి బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్ళలాగా నిలబడేవారు. ఆఖరి పేజీలో హీరోయిన్ తన గదిలో ఒక్కతే కూర్చుని ఉండేది.

మొదట్లో అక్క ఏమీ అనలేదు. వచ్చిన ప్రతి పుస్తకమూ అట్లాగే ముగిసేసరికి ఒకరోజు అవ్వతో చెప్పేసింది.

"నోటితోని చెప్పలేక గిట్ల చెప్తున్నడే అవ్వ. నాతోని ఒద్దంటున్నడు."

"బొమ్మలు ఆయన గియ్యలే గదనే అక్క" అన్నాను నేను.

"ఏరి పంపింది ఆయనే గద" అంది.

పసుపు తవ్వే రోజులు వచ్చాయి. కమ్మర్‌పల్లి నుంచి కబురొస్తే అక్క పోనంది. నాలుగు రోజులు చూసి, అక్క మామగారు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు చాయ్ తాగి, పసుపు ధర గురించి బాధపడి, ఆఖరికి విషయానికొచ్చారు.

"బిడ్డ ఎందుకు రానంటున్నది? మావోడు ఏమన్న అన్నడా?"

అక్క లోపలికి వెళ్ళి పుస్తకాలన్నీ తెచ్చి చాప మీద పెట్టింది. "గిదే ఆయన అన్నది" అంది.

పెద్దమనుషులు తలా ఒకటి తీసుకున్నారు. చాలా పంచాయితీలు చేసినవాళ్ళే గానీ, ఇట్లాంటి సాక్ష్యం వాళ్ళకూ కొత్త. ఒకాయన ఆఖరి పేజీ దాకా ఓపిగ్గా చూసి, "నిజమే, పిల్ల ఒక్కతే కూసున్నది" అని ఒప్పుకున్నాడు.

మా బాపు అప్పటిదాకా ఓ మూలన కూర్చుని ఉన్నాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల తూకం దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివాడు, తెలుగు అక్షరాలు రావు. ఉర్దూ పేపరు తప్ప ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారో ఆయనకు పట్టేది కాదు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఒక పుస్తకం తీసుకున్నాడు. ఉర్దూ పుస్తకాన్ని ఎట్లా తెరుస్తాడో అట్లాగే, మేము ఆఖరి పేజీ అనుకున్న వైపు నుంచి తెరిచాడు. ఒక్కో బొమ్మనూ కుడి నుంచి ఎడమకు చూసుకుంటూ పోయాడు. అందరం ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాం.

"వీళ్ళకేమైంది? మంచిగనే లగ్గం చేసుకున్నరు గద" అన్నాడు పుస్తకం మూసి. "మీరంత ఉల్టా సూసిండ్రు. ముందుగాల పిల్ల ఒక్కతే ఉన్నది. బస్టాండుల పిలగాడు కనవడ్డడు. సైకిల్ మీదికెళ్ళి పడ్డడు, గప్పుడు కట్టు కట్టిండ్రు. ఆఖరుకు లగ్గం. కిస్సా ఖతం."

కట్టు దగ్గరికి వచ్చేసరికి అందరికీ నమ్మకం కుదిరింది. మామగారు లేచి కండువా దులుపుకుని, "ఇగ నడువు బిడ్డా" అన్నాడు.

అక్క కదల్లేదు. "ఆయనకు ఉర్దూ రాదు గద బాపు" అంది. "తెలుగు బళ్ళెనే సదివిండు. ఆయన గూడ మా లెక్కనే సూసి పంపి ఉంటడు."

బాపు కళ్ళజోడు తీసేశాడు. పెద్దమనుషులు ఇంకోసారి చాయ్ తాగి, అబ్బాయి సెలవు మీద వచ్చేదాకా పిల్లను అడగొద్దని తీర్మానించి వెళ్ళిపోయారు.

బావ రావడానికి ఇంకా నెలలున్నాయి. అక్క బీడీలు చుట్టేది, తినేది, పడుకునేది. అంతే. మధ్యలో ఇంకో పుస్తకం వస్తే ముట్టుకోలేదు. నేనే రెండు వైపుల నుంచీ చూశాను. బొమ్మలామెకు చేతులు బాగా పట్టుబడ్డాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

బావ ఎండకు నల్లబడి, పెద్ద సూట్‌కేసుతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. చాప మీద కూర్చోబెట్టాం. అక్క నీళ్ళిచ్చి గడప దగ్గర నిలబడింది.

"గీ పుస్తకాలు నాకెందుకు పంపిండ్రు?" అని అడిగింది.

బావ సిగ్గుపడ్డాడు. ఒక పుస్తకం తీసుకుని, సరిగ్గా మాలాగే ఎడమ వైపు నుంచి తెరిచాడు. అవ్వ కళ్ళు మూసుకుంది.

"గీ పుస్తకంల ముందుగాలనే లగ్గమైతది" అన్నాడు. "గప్పటికి ఒకల సంగతి ఒకలకు తెల్వది. కొట్లాడుకుంటరు, ఏడుస్తరు, ఎడంగుంటరు." పేజీలు మెల్లగా తిప్పాడు. "ఆఖరుకు గీ బస్టాండుల ఆమె ఆయన దిక్కు నిమ్మలంగ సూస్తది. గదే మొదటిసారి. తర్వాత గదిల కూసొని ఆయన గురించే సోంచాయిస్తది. మనది గూడ గట్లనే గద. లగ్గమైంది, నెలకే నేను పోతి. సూసుకునుడు ఇంకా ముందటున్నది. నాకు గిదంత రాయరాదు. అందుకే పంపిన."

బాపు గొంతు సవరించుకుని, "అల్లుడా, అది ఉల్టా..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు ఊకో బాపు" అంది అక్క. "ఆయన సక్కగనే సూసిండు."

అని గడప దాటి వచ్చి బావ పక్కన చాప మీద కూర్చుంది. పెళ్ళిపీటల తర్వాత వాళ్ళిద్దరినీ అట్లా పక్కపక్కన చూడటం మాకు అదే మొదలు.